మురుగుకాలువ - పొరుగుధర్మము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవమనగా శుభకార్యము. గుమ్మములకు తోరణములు కట్టి, సరస్వతీదేవి పటమునకు పూలమాల వేసిన ఈ వేదికపై నిలిచి మురుగునీటిని గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఇరువదియైదేండ్లుగా ఈ పఠనమందిరము మనకు నేర్పినదేమి? ఒక పుస్తకమును పదిమంది చదువవలెనన్నచో మొదట చదివినవాడు పుటలు చింపరాదు, తడిచేతితో ముట్టరాదు, గడువు దాటకముందే తిరిగి యిచ్చివేయవలెను. మన తరువాత ఆ పుస్తకమును విప్పువాడు మనకు కనబడడు. అయినను వానిని తలచుకొనియే మనము దానిని జాగ్రత్తగా చూచుకొందుము. పట్టణములలోని మురుగుకాలువ నియమములన్నియు ఈ ఒక్క ధర్మముపైననే నిలిచియున్నవి. మన ఇంటి తూమునుండి వెడలిన నీరు ఇంకొకరి ముంగిటికి పోవును. ఇంకొకరి పొలమునకు పోవును. ఒక్కొక్కప్పుడు ఇంకొకరి ప్రాణముమీదికి వచ్చును. ఆ ఇంకొకరిని మీకు జ్ఞాపకము చేయుటయే నేటి నా ప్రసంగము.

మన పెద్దల యిండ్లలో వాడిన నీరు వృథాగా పోయెడిది కాదు. బియ్యము కడిగిన నీరును, గంజియు కుడితితొట్టిలో పడి పశువులకు చేరెడివి. అంట్లు తోమిన నీరు అరటిపాదుకు, స్నానపునీరు కూరపాదులకు పారెడివి. చేదతో తోడుకొనవలసిన నీరు గనుక వాడుకయు స్వల్పముగనే యుండెను. ఇప్పుడు ఇంట కుళాయి, మేడమీద నీటితొట్టి, పెరటిలో మరుగుదొడ్డి ఏర్పడినవి. ఇవి మేలైన మార్పులే. కాని ఇంటిలోనికి తెచ్చుకొనిన నీటిలో హెచ్చుపాలు మురుగై తిరిగి వెలికి పోవునను సంగతిని మనము మరచితిమి. నీరు వచ్చు దారికి ఎంత ఆలోచన పెట్టుదుమో, పోవు దారికిని అంత ఆలోచన పెట్టవలెను. ఈ పాఠమును పెద్ద నగరములు ప్రాణములు చెల్లించి నేర్చుకొన్నవి.

లండను నగరము కథ వినుడు. 1815వ సంవత్సరము వరకు అచ్చట ఇండ్లలోని మలినమును వీధికాలువలలోనికి వదలుట నిషిద్ధము. ఆ కాలువలు వాననీటికొరకే. మలినము ఇంటి గుంతలలో నిలువయుండగా, రాత్రివేళ దానిని తోడి బండ్లపై కొనిపోవువారు ఉండిరి. తరువాత నీటితో కడుగు మరుగుదొడ్లు వ్యాపించినవి, గుంతలు పొంగసాగినవి. అప్పుడు ఇండ్లన్నింటిని కాలువలతో కలుపవలెనని 1840 దశకము చివర శాసించిరి. ఫలితముగా మలినమంతయు థేమ్సు నదిలో పడినది. ఆ నదినీటినే జనులు పలువురు త్రాగుచుండిరి. 1848-49 సంవత్సరముల కలరాలో ఆ నగరమున సుమారు 14 వేలమంది మరణించిరి. 1854లో జాన్ స్నో అను వైద్యుడు, బ్రాడ్ వీథిలోని ఒక చేతిపంపు చుట్టును మరణములు గుమిగూడియుండుటను గుర్తించి, కలరా చెడుగాలిచే గాక చెడునీటిచే వ్యాపించునని చూపెను. అయినను పెద్దలు కదలలేదు. 1858 వేసవిలో నది దుర్గంధము పార్లమెంటు భవనములోనికి చొరబడగా, కిటికీ తెరలను సున్నపు క్లోరైడు ద్రావణములో తడిపి వ్రేలాడదీసిరి. తమ ముక్కునకు తగిలిన తరువాతనే శాసనకర్తలు త్వరపడిరి! ఆ యేడు ఆగస్టులోనే చట్టము వచ్చినది. జోసెఫ్ బాజల్జెట్ అను ఇంజనీరు పెద్ద కాలువలను నిర్మించి మురుగును నగరమునకు దిగువకు మళ్ళించెను.

నగరము బాగుపడినది. కాని మురుగు నశించెనా? లేదు, తావు మార్చుకొన్నది. 1878 సెప్టెంబరు 3వ తేదీన ప్రిన్సెస్ ఆలిస్ అను ఆవిరిపడవ, ఆ మురుగును నదిలోనికి వదలు చోటునకు సమీపముననే మునిగినది. ఆరువందలమందికి పైగా మరణించిరి. నదిలోని కల్మషమే ఈదగలవారిని సైతము చంపెనని ఆనాడు గగ్గోలు పుట్టినది. మురుగును దూరముగా పంపుట వేరు, శుద్ధిచేయుట వేరు అను వివేకము అటుపిమ్మట క్రమముగా బలపడినది.

శుద్ధిచేయు మార్గములలో ముఖ్యమైనది 1914లో ఇంగ్లండులోని మాంచెస్టరున వెల్లడియైనది. ఆర్డెర్న్, లాకెట్ అను రసాయనవేత్తలు మురుగులోనికి గాలిని పంపి, అందు పెరిగిన సూక్ష్మజీవులే మలినమును తిని నీటిని తేటపరచునని చూపిరి. నేడు మన దేశమునందలి అనేక శుద్ధికేంద్రములలో జరుగునది స్థూలముగా ఇదియే. కావున శుద్ధికేంద్రము వట్టి యంత్రము కాదు. అది కంటికి కనబడని ప్రాణుల కొట్టము. మేతలో విషము కలిపినచో గొడ్డు చచ్చునట్లే, కాలువలో ఆమ్లమును, విషలోహమును పోసినచో ఆ ప్రాణులు చచ్చును. అప్పుడు మురుగు మురుగుగనే నదిలో పడును. ఈ సంగతి తెలిసినచో పురపాలక సంఘములవారి నియమములు వట్టి నిర్బంధములుగా తోచవు. వానిలో ముఖ్యమైన వానిని కారణములతో మనవి చేసెదను.

మొదటిది: వాననీటి దారి వేరు, మురుగు దారి వేరు. మరుగుదొడ్డి, స్నానపుగది, వంటయిల్లు వీని నీటికి తగినట్లుగా భూమిలోని గొట్టము పరిమాణమును లెక్కగట్టియుందురు. మేడమీది వాననీటిని అందులో కలిపినచో ఒక్క గట్టివానకే అది నిండి, పల్లపు వీధిలోని మ్యాన్‌హోలు మూత లేచిపోవును. మెరకనున్నవాని సౌకర్యము పల్లమునందున్నవాని గడపలోనికి మురుగై వచ్చును.

రెండవది: కాలువ చెత్తకుండి కాదు. భూగర్భపు గొట్టములలో నీరు సాధారణముగా వాలుచేతనే నడచును. సెకనుకు రెండడుగుల వేగమైనను లేనిచో ఇసుక, మడ్డి అడుగున నిలిచిపోవును. గుడ్డపేలికలు, పాలిథీను సంచులు, పసిబిడ్డల డయాపర్లు, బూడిద, కొబ్బరిపీచు అందులో పడినచో వేగము తగ్గును, మడ్డి పేరుకొనును, దారి మూసికొనును.

మూడవది: నూనె, కొవ్వు పోయరాదు. వేడిగా నున్నప్పుడు నీళ్ళవలె జారిన నూనె, గొట్టములో చల్లబడి గోడలకు పట్టి గట్టిపడును. అందుచేతనే హోటళ్ళవారు తమ వంటశాల నీటిని మొదట జిడ్డును ఆపు తొట్టిలోనికి పంపి, తేలిన జిడ్డును తీసివేసి, పిదప కాలువలోనికి విడువవలెను.

నాలుగవది: ఆమ్లములు, రంగులు, పెట్రోలు, కిరోసిను మొదలగునవి పోయరాదు. ఆమ్లము గొట్టమును తినివేయును. పెట్రోలు ఆవిరి మూసిన కాలువలో నిప్పురవ్వకు ప్రేలును.

ఐదవది: అనుమతి లేక కాలువకు గొట్టము కలుపరాదు, మ్యాన్‌హోలు మూత తెరువరాదు, దానిమీద కట్టడము కట్టరాదు. పరిశ్రమ పెట్టినవాడు తన వ్యర్థజలమును విడుచుటకు 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము ననుసరించి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి పొందవలెను.

ఎంతవరకు విడువవచ్చునో అంకెలతో గూడ నిర్ణయించిరి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమములలోని సామాన్య ప్రమాణముల ప్రకారము, మురుగుకాలువలోనికి విడుచు వ్యర్థజలములో తేలియాడు ఘనపదార్థములు లీటరుకు 600 మిల్లీగ్రాములు, నూనె జిడ్డు 20 మిల్లీగ్రాములు మించరాదు. నీటిలోని ప్రాణవాయువును హరించు మలినపు కొలతను బి.ఓ.డి. యందురు, అది 350 మించరాదు. ఆమ్లక్షారములను తెలుపు పి.హెచ్. అంకె 5.5కు తగ్గరాదు, 9కి మించరాదు. అదే నీటిని నేరుగా నదిలోనికో చెరువులోనికో విడిచినచో ఘనపదార్థములు 100, జిడ్డు 10, బి.ఓ.డి. 30 మాత్రమే. కాలువకు ఇంత సడలింపు ఏల? కాలువ కొసను శుద్ధికేంద్రము నిలిచి తక్కిన పని చేయునను నమ్మకముచేత. ఆ నియమములలోనే ఒక షరతు గలదు. సూక్ష్మజీవులచే శుద్ధిచేయు కేంద్రమునకు చేరని కాలువకు ఈ సడలింపు వర్తింపదు. అట్టి కాలువలో విడుచుట నదిలో విడుచుటతో సమానము. "నేను కాలువలో విడిచితిని, తరువాతి సంగతి నాకేల" యనుటకు చట్టము తావీయలేదు.

సోదరులారా! ఈ నియమములు తప్పినచో మూసికొనిపోయిన కాలువను ఎవరు తెరచిరి? అనేక సంవత్సరములుగా ఒక మనిషి అందులోనికి దిగి తెరచెను. మూసియున్న మురుగులో హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు పుట్టును. స్వల్పముగా నున్నప్పుడు అది కుళ్ళిన గ్రుడ్డువలె కంపుకొట్టును. హెచ్చినప్పుడు వాసన తెలియు శక్తినే పోగొట్టును. కంపు లేదని నమ్మి దిగినవాడు క్షణములలో కూలును. వానిని రక్షింప దిగిన రెండవవాడును కూలును. ఈ పనిలో మరణించినవారు ఎవరి బిడ్డలో మీకు చెప్పనక్కరలేదు. తరతరములుగా కులము పేరిట ఈ పనికి నెట్టబడిన కుటుంబములవారే వారిలో అత్యధికులు. కోలారు బంగారుగనుల ప్రాంతమున అట్టి తెలుగు కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సన్, ఈ దురాచారముపై జరిపిన పోరాటమునకు 2016లో రామన్ మెగసెసే పురస్కారమును పొందెను.

2013లో చేసిన చట్టము, తగిన రక్షణలు లేక మనిషిని మురుగుకాలువలోనికి గాని సెప్టిక్ ట్యాంకులోనికి గాని దింపుటను నేరముగా నిర్ణయించినది. మొదటి తప్పునకే రెండేండ్లవరకు ఖైదు, లేక రెండు లక్షలవరకు జుల్మానా, లేక రెండును విధింపవచ్చును. ఇట్టి మరణములకు పది లక్షల రూపాయలు పరిహారమీయవలెనని 2014లో శాసించిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దానిని ముప్పది లక్షలకు పెంచినది. ఈ నిషేధము పురపాలక సంఘమునకే గాదు, ఇంటి యజమానికిని వర్తించును. కూలి మాటలాడి ఒకనిని ట్యాంకులోనికి దింపినవాడు తానెరుగకయే నేరస్థుడగును. డబ్బు పోయిన ప్రాణమును తేలేదు. కాలువలో మనము పడవేసిన ఒక్క గుడ్డపేలిక ఒక మనిషిని ఆ చీకటిలోనికి పిలువగలదని తలచినచో మన చేయి తప్పక ఆగును.

ఇక మన తెలుగునేల సంగతి. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ వరద హైదరాబాదులో వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అటుపిమ్మట రావింపబడిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు వరద నివారణకు జలాశయములను సూచించుటయే గాక, నగరమునకు భూగర్భ మురుగుకాలువల పథకమును గూడ రూపొందించిరి. ఉస్మాన్‌సాగరు 1920లో, హిమాయత్‌సాగరు 1927లో పూర్తియైనవి. కాని నగరము ఆ ప్రణాళికలను మించి పెరిగినది. కోటిమంది నివసించు నగరపు మురుగు చిరకాలముగా మూసీలో కలియుచున్నది. దిగువనున్న రైతులు ఆ నీటితోనే వరి పండించిరి, పశువులకు పారాగడ్డి పెంచిరి. ఆ గడ్డి మేసిన గేదెల పాలు నగరమునకే చేరినవి. చూడుడు! పట్టణమువాడు వదలినది పల్లెకు వచ్చినది. పల్లెనుండి మరల పట్టణమువాని చెంబులోనికి పోయినది. నీటికి దిగువ గలదు గాని అంతము లేదు.

మన యూరిలో భూగర్భ మురుగుకాలువ లేదు గదా, ఈ నియమములు మనకేల యని అడుగుదురేమో. లేనందువలననే మనకు మరింత జాగ్రత్త కావలెను. పట్టణమున కొసను ఒక శుద్ధికేంద్రమైనను ఉండును. మన వీధికాలువ కొసను చెరువు మాత్రమే యున్నది. కనుక స్నానపునీటిని, వంటయింటి నీటిని పెరటిపాదులకో ఇంకుడుగుంతకో మళ్ళింపుడు. సెప్టిక్ ట్యాంకునుండి పొంగు నీటిని వీధికాలువకు కలుపకుడు. ఆ నీరు చూచుటకు తేటగా నున్నను రోగబీజములతో గూడియుండును. ట్యాంకులోని మడ్డిని రెండుమూడేండ్ల కొకసారి యంత్రపు బండితో తీయింపుడు. ఆ బండివాడు దానిని చెరువుగట్టున గ్రుమ్మరింపక శుద్ధికేంద్రమునకు చేర్చునట్లు అడిగి తెలిసికొనుడు. రెండు గుంతల మరుగుదొడ్డి గలవారు ఒకటి నిండగానే రెండవదానికి మార్చి, మొదటిదానిని ఇంచుమించు రెండేండ్లు కదపక యుంచినచో అది ఎరువగును. ఏ గుంతయైనను త్రాగునీటి బావికి పది మీటర్లకు తక్కువ గాని దూరమున ఉండుట మేలు. ట్యాంకు మూత తీసి లోనికి తొంగిచూడకుడు, అగ్గిపుల్ల గీయకుడు, ఎంత ఆశ చూపియైనను మనిషిని దింపకుడు.

ఈ గ్రంథాలయపు పుస్తకములు ఇరువదియైదేండ్లు చేతులు మారి నేటికిని చదువదగియుండుటకు కారణము, ప్రతివాడును తన తరువాతివానిని తలచుటయే. నీటి విషయముననుగూడ మనము ఆ మర్యాదనే పాటింతుము గాక! స్వర్ణోత్సవమునాటికి మన పిల్లలు ఈ మందిరమునుండి చెరువుగట్టువరకు ముక్కు మూసికొనక నడచిపోగలిగినచో, మనము చదివిన చదువు సార్థకమగును.