పరాయి దేశపు విద్యార్థినులు మన వార్డుల్లో ఎందుకుంటారు?

(రోగుల కుటుంబ సభ్యుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో సిస్టర్ గారు చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరు రాత్రంతా వరండాలో మేలుకుని ఇక్కడికి వచ్చారని నాకు తెలుసు. అందుకని ఎక్కువసేపు కూర్చోబెట్టను. కానీ ఈ రోజు చెప్పే సంగతి మీ ఇంటి ఆడవాళ్ళ ఆరోగ్యానికి సంబంధించింది. కొంచెం ఓపికగా వినమని మనవి.

మొన్న ఆడవాళ్ళ వార్డులో ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "సిస్టరమ్మా, పుస్తకం పట్టుకుని తిరుగుతుందే ఆ తెల్ల పిల్ల, ఆవిడ డాక్టరమ్మేనా? మా కోడలి మీద చదువు నేర్చుకుంటుందా ఏంటి?" అని అడిగింది. పక్క మంచం దగ్గర నిలబడ్డ తమ్ముడు ఇంకో మాట అన్నాడు. "మహిళా సాధికారత అంటూ వస్తారండీ. నెల రోజులుండి, మన ఇళ్ళల్లో గొడవలు పెట్టి పోతారు" అన్నాడు. ఇద్దరి మాటా కొట్టిపారేయదగ్గది కాదు. ఇద్దరికీ జవాబు చెప్పడానికే ఈ ప్రసంగం.

వీళ్ళు ఎవరు?

విదేశాల్లో మెడిసిన్, నర్సింగ్, ప్రజారోగ్యం, సోషల్ వర్క్ వంటి కోర్సులు చదివే విద్యార్థులకు కొన్ని వారాలు వేరే దేశంలో పని చూసి నేర్చుకునే వీలు ఉంటుంది. దాన్ని ఇంటర్న్‌షిప్ అనీ, ఎలెక్టివ్ అనీ అంటారు. కొందరు నాలుగు వారాలు ఉంటారు, కొందరు రెండు మూడు నెలలు ఉంటారు. వారిలో చాలామంది ఆడపిల్లలు. మాతా శిశు ఆరోగ్యం, పొదుపు సంఘాలు, ఆడపిల్లల చదువు వంటి పనులు చూడాలని కోరి వస్తారు.

వారు డాక్టర్లు కారు, విద్యార్థులు. మన దేశంలో రిజిస్ట్రేషన్ లేనివారు సొంతంగా వైద్యం చేయకూడదు. కాబట్టి వారు మందు రాయకూడదు, తమంతట తాము సూది వేయకూడదు, కాన్పు చేయకూడదు. చూడవచ్చు, వినవచ్చు, మీరు సరేనంటే రాసుకోవచ్చు. పక్కన మా డాక్టరు గాని, నర్సు గాని తప్పక ఉండాలి. మీ మనిషిని చూడడానికి విద్యార్థి వద్దనిపిస్తే వద్దని చెప్పండి. అలా చెప్పినందుకు మీ వైద్యంలో ఏ లోటూ రాకూడదు. పేదవాళ్ళం కదా, కాదంటే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

ఈ రాకపోకలు కొత్తవి కావు

వెల్లూరు ఆసుపత్రి పేరు విననివారు మన తెలుగు జిల్లాల్లో తక్కువ. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ గారు 1890లలో జబ్బుపడ్డ తల్లిని చూసుకోవడానికి అమెరికా నుంచి తిండివనం వచ్చారు. అప్పటికి ఆమె డాక్టరు కాదు. ఇక్కడ ఉండిపోవాలనీ రాలేదు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను కాపాడమని అడిగారు. ఆమె తండ్రి డాక్టరే. కానీ మగ డాక్టరు తమ ఆడవాళ్ళను చూడడానికి వారు ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఐడా గారు తిరిగి వెళ్ళి, 1899లో వైద్యవిద్య పూర్తి చేసి, 1900లో వెనక్కి వచ్చారు. 1918లో వెల్లూరులో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టారు. ఆ ముగ్గురు తల్లులనూ ఎవరైనా "అమ్మా, నీకేం కావాలి?" అని అడిగారో లేదో అని ఆ కథ చదివినప్పుడల్లా నాకనిపిస్తుంది.

ఆ వెల్లూరులోనే చదువుకున్న దంపతులు రజనీకాంత్ అరోలే గారు, మేబెల్ అరోలే గారు. వీరు 1970లో మహారాష్ట్రలోని జాంఖేడ్ అనే కరువు ప్రాంతంలో పని మొదలుపెట్టారు. పెద్ద భవనాల మీద దృష్టి పెట్టకుండా, ఒక్కో ఊరి నుంచి ఒక్కో స్త్రీని ఎన్నుకోమని ఆ ఊరినే అడిగారు. అలా వచ్చినవారిలో చాలామంది బడి ముఖం చూడనివారు. ఊరి బావి దగ్గరకు రానివ్వని కులాలవారు కూడా ఉన్నారు. వారికి శుభ్రమైన కాన్పు, పసిపిల్లల బరువు చూడడం, విరేచనాలకు ఉప్పు పంచదార నీళ్ళు కలపడం, గర్భిణిలో ప్రమాద సూచనలు గుర్తించడం నేర్పారు. 1971లో ఆ ఊళ్ళలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో సుమారు 176 మంది ఏడాది నిండకముందే చనిపోయేవారు. 2004 నాటికి ఆ సంఖ్య 24కి వచ్చింది. 1979లో అరోలే దంపతులకు మెగసెసే అవార్డు వచ్చింది. మేబెల్ గారు 2010లోను, రజనీకాంత్ గారు 2011లోను కన్నుమూశారు.

చాలా ఏళ్ళుగా విదేశాల నుంచి విద్యార్థులు జాంఖేడ్ వెళ్తున్నారు. అక్కడ వారికి పాఠం చెప్పేవారిలో ఆ పల్లెటూరి ఆరోగ్య కార్యకర్తలు కూడా ఉంటారు. సంతకం చేయడం రాని తల్లి దగ్గర, పెద్ద యూనివర్సిటీలో చదివే పిల్ల కింద కూర్చుని నేర్చుకుంటుంది. అలాగే అహమ్మదాబాద్‌లో ఇలా భట్ గారు 1972లో స్థాపించిన 'సేవా' సంఘం ఉంది. కూరగాయలమ్మేవారు, బీడీలు చుట్టేవారు, బట్టలు కుట్టేవారు అందులో సభ్యులు. 1974లో వారిలో నాలుగు వేల మంది తలా పది రూపాయలు వేసుకుని సొంతంగా బ్యాంకు పెట్టుకున్నారు. అక్కడికీ విద్యార్థులు నేర్చుకోవడానికే వెళ్తారు.

నా తప్పు ఒకటి చెబుతాను

చాలా ఏళ్ళ క్రితం నేను ఇంకో ఊళ్ళో పనిచేసేటప్పుడు ఒక నర్సింగ్ విద్యార్థిని ఆరు వారాల కోసం విదేశం నుంచి వచ్చింది. తెలుగు రాదు. "అమ్మా", "నొప్పి", "నీళ్ళు" అనే మూడు మాటలు నేర్చుకుంది.

ఆ రోజుల్లో ఎనిమిదో నెల గర్భిణి ఒకామె వార్డులో చేరింది. ఇరవై ఆరేళ్ళుంటాయి, మూడో కాన్పు. కళ్ళు, గోళ్ళు పాలిపోయి ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 6.2 గ్రాములు వచ్చింది. గర్భిణికి కనీసం 11 ఉండాలి. డాక్టరు గారు రక్తం ఎక్కించాలన్నారు. నేను అనుమతి కాగితం తీసుకుని అత్తగారి దగ్గరకు వెళ్ళాను. "మావాడు రావాలమ్మా" అన్నది. అబ్బాయి లారీ మీద పోయాడు, ఫోను అందలేదు. ఆ కాగితం ఒక పగలు, ఒక రాత్రి నా టేబుల్ మీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ఆ విద్యార్థిని నన్ను అడిగింది. "సిస్టర్, ఆమెను ఎవరైనా అడిగారా?"

నాకు కోపం వచ్చింది. "ఇది మా పద్ధతి, నీకు తెలియదు" అన్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మధ్యాహ్నం అత్తగారు భోజనానికి వెళ్ళినప్పుడు మంచం పక్కన కూర్చుని, "నీ సంగతి నువ్వు చెప్పమ్మా" అన్నాను. ఆమె చాలాసేపు గోడవైపు చూసింది. తర్వాత చెప్పింది. నాలుగు నెలలుగా దొడ్డికి వెళ్ళినప్పుడల్లా రక్తం పోతోందట. సిగ్గుతో భర్తకు కూడా చెప్పలేదు. ఐరన్ బిళ్ళలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని, పెద్దదై కాన్పు కష్టమవుతుందని ఇంట్లో మాన్పించారట. ఆ రెండూ మా కేసు షీటులో లేవు. ఎందుకంటే మేము అన్నీ అత్తగారినే అడిగాం.

కాగితం ఇస్తే ఆమె తన పేరు తానే రాసింది. ఏడో తరగతి చదువుకుందని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం రక్తం ఎక్కించాం. మొలలకు వైద్యం మొదలైంది. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్ళారు. కానీ వృథా అయిన ఆ ఒక్కరోజులో ఏమైనా జరిగి ఉంటే ఆ భారం నాదే. అత్తగారిని తప్పు పట్టను. ఆవిడ మూడు పూటలా కోడలి పక్కనే ఉంది. అడగవలసిన మనిషిని అడగనిది నేను.

ఒక సంగతి మీరందరూ గుర్తుంచుకోండి. పద్దెనిమిదేళ్ళు నిండి, తెలివిలో ఉన్న స్త్రీ తన వైద్యానికి తానే అనుమతి ఇవ్వవచ్చు. 2008లో సుప్రీం కోర్టు ఒక తీర్పులో ఇదే స్పష్టం చేసింది. మత్తులో ఉన్న రోగికి ప్రాణాపాయం లేనప్పుడు, ఆమె తల్లిని అడిగి చేసిన ఆపరేషన్‌కు ఆ అనుమతి చెల్లదని చెప్పింది. ఇంటివారి సలహా కావాలి, తోడు కావాలి. కానీ సంతకం ఆమెది.

ఆ పిల్ల తప్పు కూడా చెప్పాలి

ఆ విద్యార్థిని మంచిదే, కానీ తప్పు చేయలేదని కాదు. అదే తల్లి పాలిస్తుండగా అడగకుండా ఫోటో తీసింది. తన కాలేజీలో చూపించాలని ఆమె ఉద్దేశం. అప్పటికి ఊరి నుంచి వచ్చిన భర్తకు కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనది. నేను ఆ పిల్లను పక్కకు పిలిచి, "నిన్న నువ్వు నన్ను అడిగిన ప్రశ్న ఈ రోజు నువ్వు మర్చిపోయావు" అన్నాను. ఆమె ఆ ఫోటో తీసేసి, దంపతులిద్దరికీ చేతులు జోడించి క్షమాపణ చెప్పింది.

తర్వాత ఆమెను మా పల్లె క్లినిక్‌కు తీసుకెళ్ళాం. డ్వాక్రా సంఘం సమావేశంలో సాధికారత గురించి మాట్లాడాలని కాగితాల మీద రాసుకుని వచ్చింది. నేను రెండు ముక్కలు తెలుగులో చెప్పానో లేదో, ఒక అక్క లేచి, "ఈ అమ్మాయి వచ్చే నెల పోతుంది గదా, మా పిల్లల బరువు ఎవరు చూస్తారు?" అని అడిగింది. ఆ పిల్ల కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. మిగిలిన వారాలు ఆ సంఘంలో పద్దులు రాసే అమ్మాయి, అంగన్‌వాడీ టీచరు, తను ముగ్గురూ కలిసి పిల్లల బరువు చూసి చార్టులో గీత గీయడం సాధన చేశారు. ఆమె విమానం ఎక్కాక కూడా ఆ పని ఆగలేదు. వచ్చినవాళ్ళు వెళ్ళాక పని నిలిచిందా లేదా అన్నదే నేను చూసే పరీక్ష.

ఇళ్ళల్లో గొడవలు పెడతారన్న తమ్ముడికి ఒక మాట. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో అక్షరాస్యత తరగతుల్లో చదువుకుంటున్న ఆడవాళ్ళే సారా మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ ధైర్యాన్ని పరాయి దేశం నుంచి ఎవరూ మూట కట్టి తేలేదు. మన ఆడవాళ్ళకు నోరు ముందే ఉంది. అడిగేవాళ్ళు, వినేవాళ్ళు కావాలి, అంతే.

మీరు చేయవలసినవి

1. విద్యార్థి ఎవరైనా సరే, "నీ పేరేంటి, ఏం చదువుతున్నావు, నీతో ఉన్న నర్సు ఎవరు?" అని అడగండి.

2. చూడడానికి, రాసుకోవడానికి, ఫోటో తీయడానికి విడివిడిగా అనుమతి ఇవ్వాలి. ఒకదానికి సరేనంటే అన్నిటికీ సరేనన్నట్టు కాదు.

3. ఏ విద్యార్థీ మీకు డబ్బు ఇవ్వకూడదు, మీరూ ఇవ్వకూడదు. మందు మార్చమని గాని, మానేయమని గాని వారు చెబితే పాటించకండి. డ్యూటీ నర్సుకు చెప్పండి.

4. డాక్టరు గారు మీ ఇంటి ఆడమనిషిని ప్రశ్న అడిగినప్పుడు ఆమెనే జవాబు చెప్పనివ్వండి. ఆమె మర్చిపోతే తర్వాత మీరు గుర్తు చేయండి. కొంతసేపు ఆమెతో మేము ఒంటరిగా మాట్లాడాలంటే తప్పుగా అనుకోకండి. కాన్పు, రక్తస్రావం, తెల్లబట్ట వంటి సంగతులు అందరి ముందూ చెప్పలేరు.

5. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అంటే ఈ హాలులో కూర్చున్న ఆడవాళ్ళలో కూడా చాలామందికి ఉండవచ్చు. ఐరన్ బిళ్ళ వల్ల బిడ్డ నల్లబడదు. మలం నల్లగా వస్తుంది, దానికి భయపడవద్దు. బిళ్ళ వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగకండి. నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ వంటివి తింటే ఐరన్ బాగా ఒంటబడుతుంది.

6. ఈ రాత్రి ఇంట్లో ఎవరు చివర తింటున్నారో చూడండి. చివర తినేవారికి గిన్నెలో ఏం మిగిలిందో కూడా చూడండి.

అప్పుడు నన్ను ప్రశ్న అడిగిన ఆ విద్యార్థిని ఇప్పుడు తన దేశంలో నర్సుగా పనిచేస్తోంది. "మీ దగ్గర ఏం నేర్చుకున్నానని అడిగితే, పిల్లల బరువు చార్టు గీయడం అని చెబుతుంటాను" అని ఒకసారి ఉత్తరం రాసింది. నేను ఆమె దగ్గర నేర్చుకున్నది మీకు చెప్పాను.

మధ్యాహ్నం మందులిచ్చే వేళయింది. మీరు తిరిగి వార్డుకు వెళ్ళాక, మీ మనిషి మంచం పక్కన కూర్చుని, "నీకెలా ఉంది? మాకు చెప్పనిది ఏమైనా ఉందా?" అని ఒక్కసారి నెమ్మదిగా అడగండి. ఏదైనా చెబితే దాచుకోకుండా మాకు చెప్పండి. సాయంత్రం దాకా నేను డ్యూటీ గదిలోనే ఉంటాను.