పికెట్ లేని రోజున పోలీసులు



కూచిపూడిలో నిలబడి పోలీసుల గురించి ప్రసంగమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. నాట్యానికి పేరుపడ్డ ఊరే. అయితే నాట్యమున్న ఊళ్లో తగాదాలుండవని ఎవరూ రాసివ్వలేదు. చేలగట్టు హద్దు, మైకు మోత, కుర్రవాళ్ల మాటామాటా, తాగివచ్చి భార్యను కొట్టడం మనకూ ఉన్నవే. అవి ప్రాణాల మీదికి రాకముందు ఎవరి దగ్గరకు వెళ్లాలి, వెళితే మన మాట నమ్ముతారా అన్నదే మన ప్రశ్న.

కృష్ణ దాటి తెనాలి వైపు వెళితే చుండూరు వస్తుంది. 1991 జూలైలో అక్కడ సినిమా హాలులో కాలు తగిలిందన్న తగవు రేగింది. అది దళితులకు కూలిపని ఆపివేసేదాకా పోయింది. 144వ సెక్షను పెట్టారు, పోలీసు పికెట్ వేశారు. ఆగస్టు 6వ తేదీన, ఆ పికెట్ ఉండగానే, ఎనిమిదిమంది దళితులను చంపారు. కొందరి శవాలను గోనెసంచులలో కుక్కి కాలువలో పడవేశారు. తరువాత ఆ ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం నడిచింది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది.

పాత పగలు రేపడానికి ఈ మాట ఎత్తలేదు. ఊళ్లో పోలీసులుండటం వేరు, ఊరంతా వారిని నమ్మటం వేరు. పికెట్‌కు వచ్చిన కానిస్టేబులు ఎవరి అరుగు మీద కూర్చుంటాడో, ఎవరింటి మజ్జిగ తాగుతాడో పేటవారు చూస్తూనే ఉంటారు. ఆపద వచ్చిన రాత్రి ఆ లెక్కే వారి మనస్సులో తిరుగుతుంది.

ఈ దూరం తగ్గించాలని ప్రయత్నించినవారు లేకపోలేదు. 1993లో తమిళనాడులోని రామనాథపురంలో ప్రతీప్ ఫిలిప్ గారు 'పోలీసు మిత్రులు' అనే పద్ధతి మొదలుపెట్టారు. కేరళలో 2008 నుండి జనమైత్రి కింద బీటు పోలీసు ఇంటింటికీ వెళ్లి, కుటుంబాలతో పరిచయం చేసుకుంటున్నాడు. మన రాష్ట్రంలో హెచ్.జె.దొర గారి కాలంలో 'మైత్రి' సంఘాలు వచ్చాయి. 2019లో గ్రామ సచివాలయాలతో మహిళా సంరక్షణ కార్యదర్శులు వచ్చారు, 2021లో వారినే మహిళా పోలీసులన్నారు. పేర్లు మారుతూనే ఉంటాయి. మాకు కేరళ పద్ధతిలో నచ్చింది ఒక్కటే: గొడవ లేని రోజున పోలీసు గడపలోకి వస్తాడు.

ఇక మన తప్పు కూడా చెప్పుకోవాలి. దెబ్బలు తిన్న ఒక సోదరి మా దగ్గరకు వస్తే, ఠాణాకు పోతే సంఘం పరువు పోతుందని మేమే ఆపాము. ప్రార్థన చేసి, భర్తకు నాలుగు మాటలు చెప్పి పంపాము. రెండవసారీ అంతే. మూడవసారి ఆమె చేయి విరిగి ఆసుపత్రిలో ఉంది. ఆ రోజున ఆమె మా ముఖాలు చూడలేదు. పోలీసులు రాజీ పడమన్నారని నిందిస్తాము గాని, ఆ రాజీ మన వరండాలోనే మొదలవుతున్నది.

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న కొత్త చట్టంలో 173వ సెక్షను ఉన్నది. నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా, దగ్గరి ఠాణాలో చెప్పుకోవచ్చు. నమోదైన ఫిర్యాదు నకలు ఉచితంగా ఇవ్వాలి. అక్కడ తీసుకోకపోతే ఎస్పీ గారికి రాసి పోస్టులో పంపవచ్చు. ఈ మూడు ముక్కలు స్త్రీల కూటంలో ఒకసారి చదివి వినిపించవలెను. మగవారి కూటంలో రెండుసార్లు!

క్రిస్మస్ రద్దీ రాకముందే ఒక సాయంత్రం ఎస్సై గారిని, బీటు కానిస్టేబులును, మహిళా పోలీసును పేటలోకి పిలవాలని మా మనవి. పూలదండలు వద్దు, వేదిక వద్దు. ఊరివారినీ రమ్మందాము. చాపలు పరిచి, అందరికీ ఒకే గిన్నెలోని టీ పోసి, ముందుగా ఆడవారిని మాట్లాడనిద్దాము. తేదీ సంగతి ఈ కూటం ముగిశాక పెద్దలు ఇక్కడే తేల్చవలెను.