ఏప్రిల్ ఫోటోలో వాగు కనపడదు

ఎండ ముదురుతోంది, పట్టాలందుకున్న మీకు నేను చెప్పాల్సింది ఒకటుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాద్ శివార్లలో ఒక వెంచర్‌కు వాననీటి కాలువలు డిజైన్ చేయమని పంపారు. లేఔట్‌లో నలభై అడుగుల రోడ్డున్న చోట, పాత గ్రామ నక్షాలో సన్నటి గీత ఒకటి వంకరటింకరగా పోతోంది. ఒర్రె. దానికి పేరు కూడా లేదు. "అందులో నీళ్లెక్కడున్నాయి సార్?" అంటూ వెంచర్ వాళ్లు ఫోటోలు పరిచారు. తుమ్మచెట్లు, ఇసుక, ఒక మేక. అన్నీ ఏప్రిల్‌లో తీసినవే. పెళ్లికొడుకు నిద్రపోతుంటే చూసొచ్చి, మాటలు రానివాడని తేల్చినట్టుంది వ్యవహారం.

ఆ ఊరి చెరువుకు తూము తీసి మూసే నీరటి నన్ను అటు తీసుకుపోయాడు. తుమ్మ కొమ్మల్లో చిక్కుకున్న ఎండుగడ్డిని చూపించాడు. అది నా భుజాల ఎత్తున ఉంది. "పోయిన వానకాలం గీడిదాక వచ్చింది సారూ" అన్నాడు. ఆ ఎత్తు, ఒర్రె వెడల్పు, దాని వాలు కొలిచి ప్రవాహం లెక్కగట్టే మ్యానింగ్ సూత్రంలో వేసి చూశాను. లేఔట్‌లో గీసిన రెండడుగుల పైపు ఆ వరదకు ఏ మూలకూ చాలదని తేలింది. రిపోర్టు రాసిచ్చాను. వాళ్లు రెండడుగుల పైపే వేశారు. ఇంజనీరు జీవితమంటే ఇదీ, ముందే తెలుసుకోండి!

నా బాధల్లా ఒక్కటే. మనం వాగుల్ని ఎండాకాలంలో చూస్తాం, వానాకాలంలో తిట్టుకుంటాం. కొలవాల్సిన రోజున మాత్రం ఇంట్లో కూర్చుంటాం. మన దగ్గర ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ అంచనా చేసేటప్పుడు మామూలుగా ఒక్క సీజన్ కొలతలు సరిపోతాయి. అదీ వానాకాలం కాని సీజన్! గాలీ ధూళీ కొలవడానికి అది బాగానే ఉంటుందేమో. ఏడాదిలో కొన్ని వారాలే పారే ఒర్రెకు ఆ పద్ధతిలో పుట్టుకే నమోదు కాదు. నమోదు కానిది చచ్చిపోయిందని ఎవరు ఏడుస్తారు? 2012 నాటి భవన నిబంధనలు పది మీటర్ల లోపు వెడల్పున్న వాగుకు, నాలాకు విడిచిన బఫర్ రెండు మీటర్లు. ఆ రెండు మీటర్లూ ఎక్కణ్ణుంచి కొలవాలో చెప్పడానికైనా ముందు వాగు ఎక్కడుందో తెలియాలి కదా.

మూసీ గురించి అందరూ మాట్లాడతారు. 1908 సెప్టెంబరు 28 వరద తరవాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారని, ఆ తరవాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయని మీరు చిన్నప్పుడే చదివారు. ఆయన మొదట ఏం చేశారో పాఠాల్లో ఉండదు. నగరంలో నది ఒడ్డున నిలబడి ఊరుకోలేదు, ఎగువకు చూశారు. పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని లెక్క తేల్చారు. అంటే నగరం మీద పడ్డ ఆ వరదలో పైనున్న చిన్నాచితకా కుంటల, ఒర్రెల పాత్ర ఉంది. నూరేళ్లు దాటినా మనకు ఆ పాఠం తలకెక్కలేదు. 2020 అక్టోబరులో పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి కాలనీల మీద పడ్డప్పుడు కూడా టీవీలన్నీ మూసీ వంతెన మీదే ఉన్నాయి.

ముందుగా కొలిచినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం మాంట్‌గోమరీ కౌంటీలో క్లార్క్స్‌బర్గ్ అనే ఊరుంది. మీ అన్నలో అక్కలో ఆ చుట్టుపక్కల ఉద్యోగాలు చేస్తూనే ఉంటారు. అక్కడి పొలాల్లో ఊరిని పెంచడానికి 1994లో ప్రణాళిక వేసినప్పుడు, పిల్లవాగులున్న చోటును ప్రత్యేక రక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఇళ్లు కట్టకముందు, కడుతుండగా, కట్టాక వాగుల్ని కొలవాలన్నారు. ఇళ్లు రాని అడవిలోని సోపర్ బ్రాంచ్ అనే వాగునూ పక్కనే కొలుస్తూ వచ్చారు. అది లేకపోతే, కనబడిన మార్పు ఇళ్ల వల్ల వచ్చిందో ఆ ఏటి వానల వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నాకు ఈ తెలివి భలే నచ్చింది.

ఇక ఫలితాలు. వాననీరు నేలలోకి దిగేలా అడుగడుగునా ఇంకుడు ఏర్పాట్లు చేశారు. ఊళ్లు లేస్తే వాన లేని రోజుల్లో వాగులో పారే ఊటనీరు తగ్గుతుందని మేమందరం పుస్తకాల్లో చదువుకున్నవాళ్లం. అక్కడ ఒక వాగులో అది పెరిగింది! మరి వాగు బాగుపడిందా? లేదు. అడుగున ఉండే పురుగుల జాతులు మారిపోయాయి, మునుపటిలా తిరిగి రాలేదు. తరవాత 2014లో అక్కడి టెన్ మైల్ క్రీక్ పరీవాహకంలో కాంక్రీటు, తారు ఎంత మేర కప్పవచ్చో కౌంటీ పరిమితి పెట్టింది. అప్పటికి ఇరవయ్యేళ్లుగా ఆ వాగుల లెక్కలు కాగితాల మీదున్నాయి.

పురుగులంటే ముఖం చిట్లించకండి. వాగు ఆరోగ్యం గురించి వాటంత నిజాయితీగా చెప్పే ఉద్యోగి ఏ శాఖలోనూ లేడు. నీళ్ల నమూనా సీసాలో పట్టిన ఆ నిమిషం సంగతే చెబుతుంది. రాళ్ల కింద నెలల తరబడి బతికే మేఫ్లై పిల్లలు, సన్న గులకల్ని అంటించుకుని గూళ్లు కట్టుకునే కాడిస్‌ఫ్లై పిల్లలు అన్ని రోజుల సంగతీ చెబుతాయి. తారురోడ్డు మీది వేడినీరు, నూనె, మట్టి మొదటి వానతో కలిసొచ్చాయంటే ముందు ఇవే పోతాయి. చివరికి బురదలో ఎర్రపురుగులు మిగులుతాయి. పరీవాహకంలో పదోవంతు నేల మూసుకుపోయేసరికే ఈ తేడా కనిపిస్తుందని చాలాచోట్ల గమనించారు. మా ఆవిడ నన్ను పురుగుల ఇంజనీరంటుంది. పద్మశ్రీ రాకపోయినా ఈ బిరుదు వచ్చింది.

ఇప్పుడు మీ సంగతి. ఈమధ్య మీ సీనియర్ ఒకమ్మాయి రంగురంగుల వరద మ్యాపు చూపించింది. ముచ్చటేసింది. "వానలో ఎంత పారుతుందో తేల్చే కర్వ్ నంబర్ ఎంత వేశావమ్మా?" అన్నాను. "డిఫాల్ట్ సార్." "వాగు వెడల్పు?" "అదీ డిఫాల్టే సార్." ఓ తల్లీ, ఈ వాగు పుట్టిందే నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలోనా? మోడల్ చేయొద్దనడం లేదు నాయనా. బూట్లకు బురద అంటని మోడల్‌ను నమ్మి నా ఇల్లు మాత్రం కట్టుకోనంటున్నాను. మీరు కట్టుకుంటే మీ ఇష్టం, గృహప్రవేశానికి పడవేసుకుని వస్తాను.

మీ హాస్టల్ వెనక ప్రహరీ కింది మోరీలోంచి ఒక ఒర్రె పోతుంది. పొద్దున చూసొచ్చాను. అవతలి గుట్ట మీద పొక్లెయిన్లు దిగాయి, ఇంకా పునాదులు తీయలేదు. అంటే మనకు ఈ ఒక్క వానాకాలమే ఉంది. మోరీ గోడకు నీటి ఎత్తు చూపే స్టాఫ్ గేజ్ బిగించడానికి ఉపకులపతి గారు ఒప్పుకున్నారు, రేకూ రంగూ ఖర్చు నాది. హాస్టల్ మీద ఒక వానమాపి పెడదాం. గుట్టకు ఇటువైపు, ఎవరూ ముట్టుకోని ఇంకో ఒర్రె మీద రెండో గేజ్ పెడదాం. వాన పడుతుండగా పావుగంటకోసారి నీటిమట్టం, తేదీ, సమయం, చదివినవాళ్ల పేరు రాయాలి. అర్ధరాత్రి వాన కూడా వానే. పట్టా వచ్చేసింది కదా అని తప్పించుకోకండి, ఉద్యోగంలో చేరే తేదీ రానివాళ్లు మీలో సగం మంది ఉన్నారని మీ ప్రిన్సిపాల్ గారే చెప్పారు. పేర్లు రాసుకునే పుస్తకం వేదిక కుడిపక్క బల్ల మీద ఉంది, పెన్ను మాత్రం మీరే తెచ్చుకోవాలి.