నీళ్లు పోయకుండా గుర్రాన్ని శుభ్రపరచడం



బండికీ, పెళ్లి ఊరేగింపులకూ గుర్రాన్ని పెంచేవారు మనలో ఇంకా కొందరున్నారు. ఆ మధ్య అటువంటి వారొకరు, "అయ్యా, రోజూ సబ్బుతో కడుగుతూనే ఉన్నాను. పొట్టపట్టీ కింద పుండు మాత్రం మానదేమి?" అని అడిగారు. చూస్తే, పొద్దున్నే కడిగి, వెంట్రుక ఆరకముందే పట్టీ బిగిస్తున్నారు. తడికి మెత్తబడిన చర్మం రాపిడికి తట్టుకోలేదు గదా! పైగా రోజూ సబ్బు రాస్తే చర్మానికుండే సహజమైన జిడ్డు కాస్తా పోతుంది.

ఎండలో పరుగెత్తి వేడెక్కిన గుర్రాన్ని నీళ్లు పోసి చల్లబరచడం వేరు సంగతి, అది మానకండి. శుభ్రతకు మాత్రం రోజూ స్నానం అక్కరలేదు, మాలీసు చాలు.

బురద ఉంటే ముందు ఆరనివ్వండి. రబ్బరు పళ్ల దువ్వెనతో మెడ, వీపు, పక్కలు గుండ్రంగా రుద్దితే మట్టీ, ఎండిన చెమట ఉప్పూ పైకి లేస్తాయి. వెంట్రుక వాలు వెంబడి బ్రష్షుతో వాటిని దులపండి. ముఖానికీ, మోకాళ్ల కిందా మెత్తని బ్రష్షే వాడండి; అక్కడ ఎముక పైకే ఉంటుంది. పేడ మరకలను గోరువెచ్చని నీట ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. కళ్లకూ ముక్కుకూ ఒక గుడ్డ, తోక కిందకు వేరొకటి. ఒక గుర్రం బ్రష్షు మరొకదానికి వాడితే తామర అంటుకోవచ్చు.

చివరగా, పట్టీ ఆనేచోట అరచేత్తో తడిమి చూడండి. వేడిగానో, వాపుగానో ఉంటే ఆ రోజు బండి కట్టకండి, పశువైద్యునికి చూపండి. ఒక రోజు కిరాయి పోతే పోయింది. పుండు ముదిరితే నెలంతా కిరాయి ఉండదు. పట్టీని కూడా తుడిచి ఆరబెట్టడం మరువకండేం!