పెద్దల ముందు నిలబడే హక్కు: చైనా చట్టం మారిన తీరు



చైనా చట్టాల ఆధునికీకరణ అనగానే మనం సాధారణంగా పడమటి దేశాల ఒత్తిడితో మొదలుపెడతాం. ఒత్తిడి ఉన్నమాట నిజమే. నల్లమందు యుద్ధం తర్వాత విదేశీయులు చైనా గడ్డమీదే తమ కోర్టులు నడుపుకున్నారు. చట్టాలు సంస్కరిస్తే ఆ ప్రత్యేకాధికారం వదులుకుంటామని 1902 వాణిజ్య ఒప్పందంలో బ్రిటన్ మాటిచ్చింది. అదే ఏడు చింగ్ రాజవంశపు ప్రభుత్వం చట్టాల సవరణను ఇద్దరికి అప్పగించింది. షెన్ జియాబెన్ శిక్షల శాఖలో తల పండిన పండితుడు. వూ టింగ్‌ఫాంగ్ లండన్‌లో చదివిన బారిస్టరు. మనిషిని ముక్కలుగా కోసి చంపే శిక్ష 1905లో వీరి ప్రతిపాదన మీదే రద్దయింది.

దానికి పెద్ద ప్రతిఘటన రాలేదు. అసలు పోరు కుటుంబం దగ్గర వచ్చింది. చింగ్ స్మృతిలో తల్లిదండ్రుల మీద చెయ్యి చేసుకున్న కొడుక్కి శిరచ్ఛేదం. మాట వినని కొడుకును అన్యాయంగా కొట్టి చంపిన తండ్రికి నూరు కర్రదెబ్బలు. నేరం బరువును తూచింది వరసలే. జపాన్ న్యాయవేత్త ఒకాదా అసతారో సాయంతో షెన్ సిద్ధం చేయించిన ముసాయిదా ఈ తూకాన్ని కదిలించింది. దాడి జరిగితే ఎవరైనా ఆత్మరక్షణ చేసుకోవచ్చన్నది. ఆ హక్కు తండ్రి మీద కొడుక్కి ఉంటుందా అని లావో నైష్వాన్ వంటి సంప్రదాయవాదులు నిలదీశారు. వారిని మూర్ఖులని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. కుటుంబ క్రమం సడలితే రాజ్యమే సడలుతుందని వారు మనస్ఫూర్తిగా భయపడ్డారు. చివరికి 1911 శిక్షాస్మృతికి అయిదు తాత్కాలిక నిబంధనలు తోకగా తగిలించారు. కన్నవారిపై ఆత్మరక్షణ చెల్లదన్నది వాటిలో ఒకటి. చింగ్ పాలన కూలాక వచ్చిన రిపబ్లిక్ వాటిని తీసేసింది, 1914లో యువాన్ షికాయ్ ప్రభుత్వం ఆ నిషేధాన్ని తిరిగి తెచ్చింది.

తర్వాతి దశాబ్దాలను త్వరగా దాటుతాను. రిపబ్లిక్ కూర్చిన ఆరు స్మృతులను కమ్యూనిస్టు పార్టీ 1949లో రద్దు చేసింది. 1950 వివాహ చట్టం పెద్దలు బలవంతంగా కుదిర్చే పెళ్ళిళ్ళను నిషేధించింది. 1959లో న్యాయ మంత్రిత్వ శాఖనే ఎత్తేశారు, మళ్ళీ పెట్టింది 1979లో. ఆ ఏడే శిక్షాస్మృతి వచ్చింది. 2021 నుంచి 1260 అధికరణాల పౌరస్మృతి అమల్లో ఉంది.

అంత పెద్ద స్మృతి కన్నా 1989 నాటి చిన్న చట్టమొకటి నాకు ముఖ్యంగా తోస్తుంది. సర్కారు కార్యాలయం మీద మామూలు పౌరుడు దావా వేయవచ్చని చెప్పిన పరిపాలనా వ్యాజ్యాల చట్టమది. అధికారిని తల్లిదండ్రులతో పోల్చి పిలిచే దేశంలో ఇది మునుపటి ప్రశ్నకే కొనసాగింపు: కిందివాడు పైవాడి ముందు హక్కుదారుగా నిలబడగలడా? 2014 సవరణ ప్రతివాది కార్యాలయపు బాధ్యుడే కోర్టుకు హాజరు కావాలంది. ఇప్పటికీ ఆ చట్టం కింద పార్టీ కమిటీని ప్రతివాదిగా నిలబెట్టలేరు. కోర్టులూ పార్టీ నాయకత్వం కిందే పనిచేస్తాయి. ఈ హద్దును పక్కనబెట్టి అధికరణాల సంఖ్యతో ఆధునికత కొలిచే రచనలు నాకు తృప్తినివ్వవు.

యువ పరిశోధకులకు ఒక మనవి. అప్పట్లో సిచువాన్‌లో ఉన్న బా కౌంటీ నుంచి చింగ్ కాలపు కచేరీ దస్తావేజులు లక్షకు పైగా మిగిలాయి. భూమి, అప్పు, పెళ్ళి తగాదాలతో సామాన్యులు న్యాయాధికారి దగ్గరికి వెళ్ళారని అవి చూపిస్తాయి. పాత చైనాలో పౌర వ్యాజ్యాలే లేవన్న మాటను వాటితో సరిచూసుకోండి. మొదటి పత్రసమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.