మన మాట పుచ్చుకున్న మనిషి
(లండన్‌లో జరిగిన ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శనివారం పూట పిల్లల క్లాసులు, ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చినందుకు ముందుగా ధన్యవాదాలు. నేను భాషా పండితుణ్ణి కాదు, వకీలునూ కాదు, కోడ్ రాసుకుని బతికే వాణ్ణి. అయినా ఈ రోజు కొన్ని మాటల గురించి మాట్లాడదామని వచ్చాను. పరాయి ఇంట్లోనో, పరాయి పొలంలోనో ఉన్న మనిషిని మనం ఏమని పిలుస్తున్నాం అన్నదే విషయం.

మొన్న వరికోతల కాలంలో ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మా నాలుగెకరాలు కౌలుకు చేసే మామ. "బిడ్డా, వడ్లు కాంటా పెట్టాలంటే పట్టా పాస్ పుస్తకం అడుగుతున్నరు. నీది జిరాక్స్ వాట్సాప్‌ల పెట్టు" అన్నాడు. పెట్టాను. డబ్బులు నా ఖాతాలో పడ్డాయి, ఆయనకు పంపించాను. పని అయిపోయింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దున్నింది ఆయన, నాటు వేయించింది ఆయన, రాత్రిపూట మోటారు పెట్టడానికి పోయింది ఆయన. కాగితం మీద ఆ వడ్లు పండించిన రైతును మాత్రం నేను! ఆ సంవత్సరం నేను పొలం గట్టు కూడా తొక్కలేదు.

మన పాత రికార్డుల్లో ఇలా ఉండేది కాదు. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ తీసి చూడండి. పట్టాదారు ఎవరు, కబ్జాదారు ఎవరు అని వేర్వేరుగా ఉంటుంది. కబ్జా అంటే ఉర్దూలో స్వాధీనం అని మాత్రమే అర్థం. భూమి ఎవరి చేతిలో ఉందో అతనే కబ్జాదారు, అందులో తిట్టు లేదు. ఈ రోజు అదే మాట పేపర్లో కనబడితే చెరువు మింగినవాడు, ప్లాటు దోచినవాడు గుర్తుకొస్తాడు. తర్వాత కాలంలో పహాణీలో, అడంగల్‌లో 'అనుభవదారు' అన్న మాట నిలబడింది. ఎండలో మాడేవాణ్ణి అనుభవదారు అనడం కొంచెం నవ్వు తెప్పించినా, కనీసం అతనికి ఒక గడి ఉండేది.

మనలో సాఫ్ట్‌వేర్ వాళ్లే ఎక్కువ కాబట్టి మన భాషలో చెబుతాను. డేటాబేస్‌లో ఒక కాలమ్ తీసేస్తే, దానిలోని మనుషులు సిస్టమ్‌కు లేనట్టే. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన తర్వాత వచ్చిన కొత్త పాస్ పుస్తకాల్లో, 2020 అక్టోబర్‌లో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమ్ లేదు. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు ఏదైనా కావచ్చు, మామ చేతిలో తన పేరున్న కాగితం ఉందా లేదా అన్నదే నా ప్రశ్న.

కాగితం లేకపోతే ఏమవుతుంది? 2018 మేలో రైతుబంధు ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలతో మొదలైనప్పుడు నాకు 16,000 వచ్చాయి, మామకు రాలేదు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన రైతుబీమాలో రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. దానికీ పట్టానే ఆధారం. రేపు ఏ కరెంటు షాకో, పిడుగో తగిలి మామకు ఏమన్నా అయితే ఆ ఇంటికి ఆ 5 లక్షలు రావు. ఎందుకంటే ఆయన పేరు మీద గుంట భూమి లేదు. 2007 నాటి జాతీయ రైతు విధానం మాత్రం కౌలుదారులు, పాలుకు చేసేవాళ్లు కూడా రైతులేనని స్పష్టంగా నిర్వచించింది! నిర్వచనం ఢిల్లీలో ఉండిపోయింది, ఊరి దాకా రాలేదు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఈ దేశంలో మనం దాదాపు అందరం కిరాయి గదిలోనే మొదలుపెట్టాం. 'ది ఆక్యుపయర్' అని పేరు లేని ఉత్తరాలు మన తలుపు కింద ఎన్ని పడలేదు? ఎవరైనా దాన్ని తిట్టు అనుకున్నారా? ఓనర్ ఇంట్లోనే ఒక గదిలో ఉంటే లాడ్జర్, విడిగా ఇల్లు తీసుకుంటే టెనెంట్. మాట మారితే హక్కు మారుతుందని మనకు ఇక్కడే తెలిసింది. 1985లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు ఒక కేసు వచ్చింది. వారానికి 37 పౌండ్ల అద్దెకు గదులిచ్చి, కాగితం మీద మాత్రం 'లైసెన్స్' అని రాయించుకున్న ఓనర్ కేసు అది. లార్డ్ టెంపుల్‌మన్ ఏమన్నారంటే, ఐదు పళ్లతో మట్టి తవ్వే పనిముట్టు చేసి, దాన్ని పార అని ఎంత వాదించినా అది పార కాదు, ఫోర్కే. అద్దె తీసుకుని, గడువు పెట్టి, గదులు పూర్తిగా అప్పగిస్తే ఆమె టెనెంటే అని తీర్పు. ఇక్కడ అలాంటి చట్టం నీడలో బతుకుతూ, మన ఊళ్లో మనమే ఓనర్లమైనప్పుడు 'కాగితం మాత్రం వద్దు' అంటున్నాం.

ఎందుకు వద్దంటున్నాం? భయం. మా బాపుకూ ఉంది ఆ భయం. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం 'రక్షిత కౌలుదారు' అన్న మాట తెచ్చింది. ఆ మాట వినగానే భూస్వాములు బేదఖళ్లు మొదలుపెట్టారు, ఎంతోమందిని పొలాల్లోంచి వెళ్లగొట్టారు. మిగిలినవాళ్లకు 38-ఈ సెక్షన్ కింద 1973 నుంచి యాజమాన్య హక్కులు వచ్చాయి. అప్పటి నుంచి కౌలు పేరు కాగితం మీదికి ఎక్కితే భూమి పోతుందన్న మాట ఇంటింటా పాతుకుపోయింది.

కానీ ఆ తర్వాత వచ్చిన చట్టాలు వేరు. 2011 నాటి సాగుదారుల చట్టం కింద ఇచ్చే రుణ అర్హత కార్డు ఒక్క ఏడాదికే. బ్యాంకు అప్పుకు, పంట బీమాకు, నష్టపరిహారానికే అది పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఒప్పందం పదకొండు నెలలే. పంట మీద హక్కే తప్ప భూమి మీద కాదు. కానీ దానికి యజమాని సంతకం కావాలి. ఆ యజమానుల్లో కొందరు ఈ హాల్లోనే కూర్చున్నారు!

అందుకే మూడు విన్నపాలు.

ఒకటి: ఆంధ్రలో పొలం ఉన్నవారు ఈ ఖరీఫ్‌కే ఆ పత్రం మీద సంతకం పెట్టండి. తెలంగాణలో మీ కౌలుదారు కార్డుకు దరఖాస్తు చేస్తే అడ్డు చెప్పకండి. మీ పెద్దల భయం తీరేలా చట్టం చదివి వినిపించండి.

రెండు: పంట మీద వచ్చే సాయం, నష్టపరిహారం మన ఖాతాలో పడితే సాగు చేసినవారికి పంపించండి. నేను ఆలస్యంగా మొదలుపెట్టాను. మొదటి 16,000 నేనే వాడుకున్నాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

మూడు: ఫోన్లో 'మా పొలం చూసుకునే అతను' అనడం మానేద్దాం. ఆయన చూసుకోవడం లేదు, పండిస్తున్నాడు. రైతు అందాం.

చివరగా ఒక్క మాట. 'కౌలు' ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? అరబ్బీలోని 'ఖౌల్' నుంచి, ఉర్దూ మీదుగా వచ్చింది. దానికి అసలు అర్థం మాట, ఇచ్చిన మాట. కౌలుదారు అంటే మన మాట పుచ్చుకున్న మనిషి. ఆ మాటను కాగితం మీద పెట్టడానికి మనం భయపడితే, తప్పుతున్నది ఎవరో మీరే ఆలోచించండి.