మంద సెగపై వంట



సూరత్ నగరమందలి పర్వత్ పాటియాలో నివసించు తెలుగు కుటుంబములలో పలువురు వస్త్ర పరిశ్రమను నమ్ముకొన్నవారు. ఆలుమగలిరువురును పనికి పోవు ఇంట, తిరిగి వచ్చునప్పటికి పప్పు, కూర సిద్ధముగా నుండుట గొప్ప ఊరట. విద్యుత్తుతో నడచు స్లో కుక్కర్ అందుకు తోడ్పడును.

ఈ పద్ధతి తెలుగువారికి క్రొత్త కాదు. పల్లెలలో దాలిలోని పిడకల సెగపై పాలు ఎర్రగా కాగుచుండెడివి. సూరత్ వారి ఊంధియు, కుండను తలక్రిందులుగా పూడ్చి వండుటచేతనే ఆ పేరు పొందెను. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ 1940లో విద్యుత్ పాత్రకు పేటెంటు పొందెను. 1971లో అది క్రాక్ పాట్ అను పేరుతో అంగళ్లకు వచ్చెను.

పాత్రను సగమునకు తగ్గకుండ, మూడింట రెండు వంతులకు మించకుండ నింపవలెను. నీరు అంతగా ఇగురదు గనుక తక్కువ పోయవలెను. మాటిమాటికి మూత తీయరాదు. చింతపండు పులుసు పప్పు మెత్తబడిన పిదపనే చేర్చవలెను. ముందుగా పోసినచో పప్పు సరిగా ఉడుకదు. పెరుగు చివరనే కలుపవలెను.

ముఖ్యముగా రాజ్మా విషయమున జాగ్రత్త అవసరము. ఆ గింజలలో సహజముగా నుండు విషపదార్థమును మంద సెగ హరింపజాలదు. తిన్నవారికి కొన్ని గంటలలోనే వాంతులు పట్టుకొనును. కావున గింజలను కనీసము 5 గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్త నీటిలో 30 నిమిషములు పొయ్యిపై తెర్లకాచిన పిదపనే కుక్కర్‌లో వేయవలెను.

మిగిలిన కూరను మరునాడు పొయ్యిపైననే పొగలు గ్రక్కునట్లు కాచి వడ్డించుట క్షేమము.